ఫోన్ పట్టుకోవడం రాదన్న ఇల్జామ్

"అమ్మీ, ఫోన్ సరిగ్గా పట్టుకో, నీ ఆవాజ్ రావట్లేదు."

మన ఇళ్లల్లో ఈ మాట వినపడని వారం ఉండదు. జెద్దా నుంచి కొడుకు అంటాడు, దమ్మామ్ నుంచి అల్లుడు అంటాడు, పక్క గదిలో కూర్చున్న మనవడూ అంటాడు. ఆమె ఫోన్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తుంది. చెవికి ఇంకా గట్టిగా అదుముకుంటుంది. గొంతు పెంచుతుంది. అయినా కాల్ కట్ అయిపోతుంది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ ఒకటే ఫైస్లా ఇస్తారు: అమ్మీకి ఫోన్ పట్టుకోవడం రాదు.

ఈ ఫైస్లా మీద నాకు అభ్యంతరం ఉంది. ఇల్జామ్ వేసేవాళ్లు సబూత్ చూపించాలి. కచేరీలో ఉన్న ఈ రివాజు ఇంట్లోనూ ఉండాలి కదా. చేతి వల్ల కాల్ పాడవుతుందా అంటే అవుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఎంత పాడవుతుంది? ఎప్పుడు పాడవుతుంది? దానికి జవాబుదారీ పట్టుకున్న చేతిదా, ఆ చేతి కోసమే తయారైన వస్తువుదా? ఈ మూడింటికీ పరీక్ష ఉంది. పరీక్ష చేయకుండా చేతిని ముజ్రిమ్ చేయడం బేఇన్సాఫీ.

ఇదే ఇల్జామ్ ఒకసారి దునియా మొత్తం ముందు నడిచింది. ఆ కిస్సా తెలుసుకుంటే మన ఇంటి కిస్సా సగం తేలిపోతుంది.

2010 జూన్ 24న అమెరికాలో ఐఫోన్ 4 అమ్మకానికి వచ్చింది. మొదటి మూడు రోజుల్లో 17 లక్షల ఫోన్లు అమ్ముడయ్యాయని ఆపిల్ చెప్పుకుంది. ఆ ఫోన్ చుట్టూ ఉన్న స్టీల్ పట్టీయే దాని యాంటెన్నా. పట్టీలో ఎడమవైపు కిందగా సన్నని చీలిక ఉండేది. సరిగ్గా అక్కడే అరచేయి గానీ వేలు గానీ తగిలితే సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయేవి. ఎడమచేత్తో ఫోన్ పట్టుకునే ఎవరికైనా చేయి తగిలేది అక్కడే. శికాయతులు మొదలయ్యాయి. ఒక గ్రాహకుడు రాసిన ఈమెయిల్‌కు స్టీవ్ జాబ్స్ ఇచ్చిన జవాబు సారాంశం ఒకటే: అయితే అలా పట్టుకోవద్దు. ఏ ఫోన్ పట్టుకున్నా సిగ్నల్ కొంత తగ్గుతుందని, ఆ మూల వదిలేసి పట్టుకోమని, లేదంటే కవర్ వేసుకోమని కంపెనీ కూడా చెప్పింది.

చూశారా? అంత పెద్ద కంపెనీ మొదటి జవాబూ, మన మనవడి జవాబూ ఒకటే. కసూర్ చేతిది.

జూలై 2న ఆపిల్ ఒక ఖత్ రాసింది. సిగ్నల్ గీతలు లెక్కకట్టే తమ సూత్రమే పూర్తిగా తప్పని, రెండు గీతలు చూపించాల్సిన చోట కొన్నిసార్లు నాలుగు చూపిస్తోందని అందులో ఒప్పుకుంది. ఈ ఒప్పుకోలును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

ఆ తర్వాత మాటలు ఆగి కొలతలు మొదలయ్యాయి. ఆనంద్‌టెక్ అనే పత్రిక వాళ్లు రకరకాల పట్లలో సిగ్నల్ ఎంత పడిపోతుందో కొలిచారు. మామూలుగా పట్టుకుంటే ఐఫోన్ 4లో సుమారు 20 డెసిబెల్స్ పడిపోయింది. అంతకు ముందు వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో అదే పట్టుకు పడింది సుమారు 2 డెసిబెల్స్. పట్టు అదే, ఫోన్ మారింది, నష్టం ఎన్నో రెట్లు మారింది. అమెరికాలోని గ్రాహకుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ అయితే దుకాణాల్లో మూడు ఐఫోన్ 4లు కొని, బయటి తరంగాలు లోపలికి రాని గదిలో పెట్టి, సెల్ టవర్‌లా పనిచేసే యంత్రంతో పరీక్షించింది. ఆ చీలిక దగ్గర వేలు పెడితే సిగ్నల్ పడిపోయింది. పక్కన పరీక్షించిన మిగతా ఫోన్లలో అలా పడలేదు. చీలిక మీద టేపు ముక్క అతికిస్తే తేడా పోయింది. జూలై 12న ఆ సంస్థ తేల్చి చెప్పింది: ఈ ఫోన్ కొనమని మేం సిఫారిష్ చేయలేం.

నాలుగు రోజులకే, జూలై 16న, జాబ్స్ పత్రికల వాళ్లను పిలిచి మాట్లాడారు. ఆయన వాదనను కూడా ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి. బ్లాక్‌బెర్రీ, హెచ్‌టీసీ, శాంసంగ్ ఫోన్లను గట్టిగా పట్టుకుంటే వాటి గీతలూ పడిపోతాయని వీడియోలు చూపించారు. ఫోన్ కొన్నవాళ్లలో యాంటెన్నా గురించి శికాయత్ చేసింది 0.55 శాతమేనన్నారు. పాత ఫోన్‌తో పోలిస్తే వంద కాల్స్‌కు అదనంగా కట్ అవుతున్నది ఒకటి కూడా లేదన్నారు. అంతా చెప్పి, కొన్నవాళ్లందరికీ 29 డాలర్ల బంపర్ కవర్‌ను ముఫ్త్‌గా ఇస్తామన్నారు. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన ఐఫోన్ 4ఎస్‌లో ఒక యాంటెన్నా బలహీనపడితే రెండోదానికి మారే ఏర్పాటు వచ్చింది. 2012లో అమెరికా కచేరీలో రాజీ కుదిరి, కోరుకున్నవాళ్లకు 15 డాలర్లు ఇచ్చారు.

ఈ కిస్సాలో నాకు కనపడిన సబక్ ఇది. చేయి కసూర్‌వార్ అన్నది ఒక మాట. కొలత వచ్చాక ఆ మాట నిలవలేదు. మనుషుల చేతులు మారలేదు, మారింది ఫోనే.

ఇప్పుడు చేయి అసలు ఏం చేస్తుందో చూద్దాం. మన చేతిలో ఎక్కువ భాగం నీళ్లు, కాస్త ఉప్పు. ఇలాంటిది యాంటెన్నాకు దగ్గరగా వస్తే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, తరంగాల బలంలో కొంత చేయి తాగేస్తుంది. రెండు, యాంటెన్నా సుర్ తప్పుతుంది. సితార్ తీగ మీద వేలు పెడితే సుర్ మారినట్టు, యాంటెన్నా తన తరంగం నుంచి పక్కకు జరుగుతుంది. ఇప్పటి ఫోన్లలో యాంటెన్నాలు ఎక్కువగా కింది అంచులోనూ పై అంచులోనూ ఉంటాయి. లోహపు ఫోన్ అంచుల్లో సన్నని ప్లాస్టిక్ గీతలు కనపడతాయి కదా, అవి జేవర్ కాదు. యాంటెన్నాల మధ్య వదిలిన ఖాళీలు.

డెసిబెల్ లెక్క మామూలు లెక్కలా నడవదు. 3 డెసిబెల్స్ తగ్గితే బలం సగం, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు. నూరో వంతు అనగానే భయం వేస్తుంది. కానీ టవర్ దగ్గర్లో ఉంటే నూరో వంతు కూడా చాలు, కాల్ హాయిగా నడుస్తుంది. చార్మినార్ వెనక గల్లీలో, నాలుగు గోడల మధ్య లోపలి గదిలో కూర్చున్నప్పుడు సిగ్నల్ ముందే అంచు మీద ఉంటుంది. అక్కడ 5 డెసిబెల్స్ చాలు కాల్ కట్ కావడానికి. డిజిటల్ ఆవాజ్ మెల్లగా మసకబారదు. కాసేపు బాగుంటుంది, ఉన్నట్టుండి ముక్కలవుతుంది, ఆ తర్వాత ఖామోష్. అందుకే అదే చేయి, అదే ఫోన్ డాబా మీద పనిచేస్తాయి, వంటింట్లో పనిచేయవు. వంటింట్లో ఎవరు ఉంటారో, ఎవరి కాల్ ఎక్కువగా కట్ అవుతుందో వేరే చెప్పాలా?

ఇక గీతల సంగతి. నాలుగు గీతలంటే ఎంత బలం అన్నదానికి అన్ని కంపెనీలకూ ఒకటే పైమానా లేదు. ఎవరి లెక్క వాళ్లది. ఆపిల్ ఒప్పుకోలు చెప్పింది కూడా అదే. "ఫుల్ సిగ్నల్ ఉంది కదా అమ్మీ, ఇంక నీదే తప్పు" అన్న వాదనలో గీతలు నమ్మదగిన గవాహ్ కాదు.

ఫోన్లను కంపెనీలు పరీక్షించవా? పరీక్షిస్తాయి. కానీ ఎవరి తలతో, ఎవరి చేత్తో? ఫోన్ నుంచి శరీరంలోకి వెళ్లే తరంగ శక్తిని కొలిచే పరీక్షలో శామ్ అనే బొమ్మ తల వాడతారు. అమెరికా సైనికుల కొలతల్లోంచి, వాళ్లలోనూ పెద్ద తలలను నమూనాగా తీసుకుని దాన్ని తయారుచేశారు. ఆ పరీక్షలో తల ఉంటుంది, చేయి ఉండదు. సిగ్నల్ పరీక్షలూ చాలాకాలం చేయి లేకుండానే నడిచాయి. బొమ్మ చేతులు తర్వాత వచ్చాయి, అవి కూడా కొన్ని పట్లకే. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ గెర్ట్ పెడర్సన్ 2016లో నార్డిక్ దేశాల మంత్రుల మండలి కోసం బజారులోని ఫోన్లను బొమ్మ తల, బొమ్మ చేతితో, కుడివైపూ ఎడమవైపూ పరీక్షించారు. ఫోన్‌కూ ఫోన్‌కూ చాలా తేడా వచ్చింది. ఒకే ఫోన్‌లో కుడిచేతికీ ఎడమచేతికీ కూడా తేడా కనపడింది.

మన దేశంలో ప్రతి ఫోన్‌కూ సార్ విలువ చెప్పాలన్న ఖాయిదా ఉంది. 2012 సెప్టెంబర్ 1 నుంచి దాని హద్దు కిలోకు 1.6 వాట్లు. ఫోన్‌లో *#07# కొడితే చాలా ఫోన్లు ఆ సంఖ్య చూపిస్తాయి. సార్ తక్కువ ఉన్న ఫోన్‌లో మాట బాగా వినపడుతుందని కొందరు అనుకుంటారు. రెండింటికీ తాల్లుఖ్ లేదు. శరీరంలోకి ఎంత శక్తి వెళ్తుందో సార్ చెబుతుంది, మాట ఎంత బాగా చేరుతుందో చెప్పదు. ట్రాయ్ నగరాల్లో చేయించే డ్రైవ్ టెస్టులు మాట నాణ్యతను కొలుస్తాయి నిజమే. అయితే ఆ ఫోన్లు బండిలో అమర్చి ఉంటాయి. బండి సడక్ మీద తిరుగుతుంది. గల్లీ చివర లోపలి గదిలో, గరిటె ఒక చేత్తో పట్టుకుని, ఫోన్‌ను దుపట్టాలో దోపుకుని మాట్లాడే భాబీ పరిస్థితి ఆ లెక్కలోకి రాదు.

దుపట్టా మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అన్ని కాల్ ఇబ్బందులూ సిగ్నల్ ఇబ్బందులు కావు. ఆవాజ్ ముక్కలు ముక్కలుగా తెగుతుంటే అది ఎక్కువగా సిగ్నల్ మామ్లా. ఆవాజ్ తెగకుండా, బావిలోంచి వచ్చినట్టు మందంగా వస్తే అది మైకు మామ్లా. ఫోన్ కింది అంచులో చిన్న రంధ్రం ఉంటుంది, అదే మైకు. చాలా ఫోన్లలో పైన గానీ వెనక గానీ ఇంకోటి ఉంటుంది. అది చుట్టుపక్కల శోర్‌ను విని, ఆ శోర్‌ను మన మాటలోంచి తీసేయడానికి సాయపడుతుంది. వేలు గానీ గుడ్డ గానీ కవర్ గానీ వీటిని మూస్తే ఆవాజ్ దెబ్బతింటుంది. హిజాబ్ గుడ్డ తరంగాలను పెద్దగా ఆపదు, మైకును మాత్రం మూయగలదు. ఇంకోటి కూడా ఉంది. చెవి దగ్గర పెట్టగానే తెర ఆరిపోవడానికి ఫోన్ పైభాగంలో సెన్సర్ ఉంటుంది. స్క్రీన్ గార్డ్ దాన్ని కప్పేస్తే తెర ఆరదు, చెంప తగిలి మ్యూట్ పడిపోతుంది. అవతలివాళ్లకు అమ్మీ హఠాత్తుగా ఖామోష్ అయిపోయినట్టు ఉంటుంది. అప్పుడు ఆమె చేతిదీ కసూర్ కాదు, టవర్‌దీ కాదు. స్క్రీన్ గార్డ్‌ది.

ఇవన్నీ విడదీయడానికి లాబొరేటరీ అక్కర్లేదు. ఒక ఆదివారం సాయంత్రం, ఇద్దరు మనుషులు, ఒక కాగితం చాలు. తరీఖా చెబుతాను.

కాల్ ఎక్కువగా ఎక్కడ పాడవుతుందో ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే కూర్చోండి. వైఫై కాలింగ్ ఆపేయండి, లేకపోతే టవర్‌ను కాక ఇంట్లోని రౌటర్‌ను పరీక్షించినట్టు అవుతుంది. సిగ్నల్ బాగా ఉన్న చోట నిలబడిన బంధువుకు మామూలు కాల్ చేయండి. ముందే రాసిపెట్టుకున్న 20 రెండంకెల సంఖ్యలు నింపాదిగా చదవండి. అవతలివాళ్లు విన్నవి రాసుకోవాలి, విననిచోట ఖాళీ వదలాలి. కింది అంచు మూసి పట్టుకుని ఒకసారి, పైభాగం పట్టుకుని ఒకసారి, మధ్యలో రెండు అంచులూ వదిలేసి ఒకసారి, ఎడమచేత్తో, కుడిచేత్తో, దుపట్టాలో దోపుకుని. ఒక్కో పట్టుకు కనీసం ఐదుసార్లు చేయండి. వరస మారుస్తూ ఉండండి. ఇప్పుడు ఏ పట్టులో మాట్లాడుతున్నారో వినేవాళ్లకు చెప్పకండి. ఈ షర్త్ చాలా జరూరీ. తెలిస్తే చెవి పక్షపాతం చూపిస్తుంది. "కింద మూశావు కదా, అందుకే వినపడలేదు" అని చెవి ముందే ఫైస్లా రాసేసుకుంటుంది.

పక్కనే ఇంకో కొలత. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ఫోన్ గురించిన భాగంలో సిమ్ స్టేటస్ అని ఉంటుంది. అక్కడ సిగ్నల్ బలం మైనస్ గుర్తుతో డీబీఎంలో కనపడుతుంది. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 85 కంటే మైనస్ 110 చాలా బలహీనం. ఫోన్ బల్ల మీద ఉన్నప్పుడు ఎంత, చేతిలో ఎంత అని రాసుకోండి. సంఖ్య వెంటనే మారదు, కొన్ని సెకన్లు ఆగి చూడండి. ఫోన్ మధ్యలో తనంతట తాను వేరే టవర్‌కు మారిపోవచ్చు కూడా. ఒక్కసారి చూసిన సంఖ్యను నమ్మకుండా ఐదుసార్లు చూడమనేది అందుకే.

ఇప్పుడు అసలు ఇమ్తిహాన్. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. అదే ఫోన్‌ను, అదే కుర్చీలో, ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వండి. తర్వాత అమ్మీ చేతికి అదే కంపెనీ సిమ్‌తో ఇంకో ఫోన్ ఇవ్వండి. తర్వాత ఆమె ఫోన్‌తోనే ఆమెను డాబా మీద మాట్లాడమనండి. ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా పడిపోతూ, ఇంకో ఫోన్ ఆమె చేతిలో బాగా పనిచేస్తే కసూర్ ఫోన్‌ది. ఆ కుర్చీలో ఏ ఫోన్ అయినా, ఏ చేతిలో అయినా పడిపోతే కసూర్ ఆ జాగాది, అంటే నెట్‌వర్క్‌ది. ఈ రెండూ కాకుండా ఆమె పట్టులో మాత్రమే పడిపోతే, అప్పుడు చేతి గురించి మాట్లాడండి. అదీ అదబ్‌తో, ఏ అంచు వదిలేయాలో వేలుపెట్టి చూపిస్తూ.

చేతిలో తేడా తేలితే ఇలాజ్ చిన్నదే. రెండు అంచులూ వదిలి మధ్యలో పట్టుకోవడం, వెనక అతికించిన లోహపు రింగు, కారు మాగ్నెట్ ప్లేటు తీసేసి చూడడం, మైకు రంధ్రం మూయని కవర్ వేయడం, తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్‌ను కిటికీ దగ్గర ఉంచడం. జాగాలో తేలితే, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ తిరిగి పెట్టుకోండి, పక్కింట్లో ఏ కంపెనీ సిమ్ పనిచేస్తుందో అడగండి. ఫోన్‌లోనే తేలితే బిల్లు తీయండి. వారంటీ ఉంటే ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్లండి. "సిగ్నల్ రావట్లేదు" అన్న శికాయత్‌కు కౌంటర్ మీద వచ్చే జవాబు "మీ ఏరియాలో నెట్‌వర్క్ లేదు" అనే. "బల్ల మీద ఇంత, చేతిలో ఇంత, పక్కనే ఇంకో ఫోన్ చేతిలో ఇంత, ఐదుసార్లు చూశాం" అన్నప్పుడు ఆ జవాబు సరిపోదు.

ఈ తకలీఫ్ అంతా ఎందుకు, కొత్త ఫోన్ కొనేస్తే పోతుంది కదా అనేవాళ్లు ఉంటారు. పక్కింటి టవర్ మారకుండా ఫోన్ మారిస్తే డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. ఇంకో కారణం డబ్బు కంటే పెద్దది. పట్టుకోవడం రాదని పదిసార్లు విన్న మనిషి పదకొండోసారి ఫోన్ ఎత్తదు. "నువ్వే మాట్లాడు బేటా, నాకు రాదు" అని పక్కకు జరుగుతుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు తల్లి ఆవాజ్ తల్లి నోట కాకుండా ఇంకొకరి నోట చేరడం మొదలవుతుంది. మోకాళ్ల నొప్పి సంగతి, పింఛన్ ఆగిన సంగతి మధ్యలోనే రాలిపోతాయి. దీన్ని కాల్ డ్రాప్ లెక్కలో ఏ కంపెనీ రాసుకోదు.

కంపెనీలనూ ప్రభుత్వాన్నీ అడగాల్సింది కూడా ఉంది. 2015లో ట్రాయ్ ఒక హుకుం ఇచ్చింది. కట్ అయిన కాల్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడింటి వరకు, గ్రాహకుడికి తిరిగి ఇవ్వాలని. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాల్ కట్ కావడానికి కారణం అన్నిసార్లూ మేం కాదని టెలికాం కంపెనీలు అన్నాయి. ఫోన్ కంపెనీలు నెట్‌వర్క్ వైపు చూపిస్తాయి. మధ్యలో మిగిలేది చేయి ఒక్కటే, దానికి వకీల్ లేడు.

అందుకని నా ముతాలబా సాదాగానే ఉంది. సార్ విలువ చెప్పినట్టే, తల పక్కన, చేతిలో పట్టుకున్నప్పుడు, కుడివైపూ ఎడమవైపూ ఫోన్ ఎంత సిగ్నల్ పంపగలదో, ఎంత బలహీనమైన సిగ్నల్‌ను అందుకోగలదో డబ్బా మీద అచ్చు వేయాలి. కొలిచే పద్ధతి ఉంది, కొలిచే గదులు ఉన్నాయి. 2010లో ఆ గొడవ జరిగిన రోజుల్లో ఆపిల్ తన దగ్గర యాంటెన్నాలు పరీక్షించే గదులు 17 ఉన్నాయని, వాటి మీద పది కోట్ల డాలర్లు ఖర్చు పెట్టామని చెప్పుకుంది. కంపెనీల దగ్గర సంఖ్యలు లేక కాదు, మన దాకా రావట్లేదంతే. కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసేవాళ్లకు ఈ ఒక్క పంక్తి భారం కాదు.

ఆ పంక్తి వచ్చేదాకా కాగితం, కలం మన దగ్గరే ఉన్నాయి. ఈసారి ఇంట్లో ఎవరైనా "నీకు ఫోన్ పట్టుకోవడం రాదు" అంటే, అన్నవాళ్ల చేతికే ఆ ఫోన్ ఇచ్చి, అదే కుర్చీలో కూర్చోబెట్టి, 20 సంఖ్యలు చదవమనండి. ఎన్ని అవతలికి చేరాయో లెక్కపెట్టాకే ఫైస్లా.